ఆపని రోజు

గుండె ఆగినంత పనైంది అంటుంటారు జనం.
నాకది రోజూ చేసే పనే.
ఇరవై రెండేళ్ళుగా కౌనాస్ ఆసుపత్రిలో
ఆగిన గుండెల పక్కన స్టూలేసుకు కూర్చుని
వాటి బదులు నేను తిరుగుతున్నాను,
నిమిషానికి నాలుగున్నర లీటర్లు.

గింటౌటాస్ పద్ధతి అది.
బృహద్ధమనికి బిగింపు వేస్తాడు.
చల్లగా పొటాషియం దిగుతుంది.
గుండె ఒక్కసారి వణికి
తడిసిన ఉన్ని చేతితొడుగులా వాలిపోతుంది.
"కదిలే కాగితం మీద సంతకం పెట్టగలవా?" అంటాడు.
నెత్తురు చుక్క లేని ఆ నిశ్చలం మీద
అతని కుట్లు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకోవచ్చు.

ఔష్రినే ఆపదు.
పీల్చి పట్టుకునే రెండు వేళ్ళ పనిముట్టుతో
గుండె మీద బొటనవేలంత చోటు మాత్రం నిలబెడుతుంది.
చుట్టూ అంతా కొట్టుకుంటూనే ఉంటుంది.
ఆ రోజుల్లో నా యంత్రం గోడవార.
ట్యూబుల సంచీ విప్పకుండా.
నేనూ అంతే.

క్యాంటీన్లో, గులాబీరంగు చల్లటి సూపు
వెచ్చబడేదాకా వాదించుకుంటారు.
"నీ యంత్రం నెత్తుర్ని నలుపుతుంది.
మనిషి లేచి మనవడి పేరు వెతుక్కుంటాడు."
"వెనక గోడకి నీ చెయ్యి అందదు.
మూడు వెయ్యాల్సిన చోట రెండేస్తావు,
ఐదేళ్ళకి అందులో ఒకటి పూడుతుంది."
ఇద్దరి దగ్గరా లెక్కలున్నాయి, ఇద్దరివీ నిజమైనవే.
నా యంత్రమని ఒకరు, నీ యంత్రమని ఒకరు.
అది తిప్పేది నేనని ఎవరికీ గుర్తుండదు.

నవంబర్లో కజిమియెరా వచ్చింది.
డెబ్బై మూడేళ్ళు. ముప్ఫయ్యొక్కేళ్ళు ట్రాలీబస్సు తోలింది.
సంతకం పెట్టేముందు అడిగింది:
"బండి ఆపి బాగుచేస్తారా, నడుస్తుండగానా?"
"ఆపే," అన్నాడు గింటౌటాస్.
"మంచిది. తీగ మీంచి కొమ్ము జారితే నేనూ ఆపేదాన్నే.
జనం తిట్టేవాళ్ళు. మంచులో దిగి, తాడు లాగి,
మళ్ళీ తగిలించేదాన్ని."

రంపం. ఎముక తెరుచుకుంది.
కాలి నుంచి తీసిన సిర
ఉప్పునీళ్ళ గిన్నెలో ఎదురుచూస్తోంది.
గింటౌటాస్ బృహద్ధమని మీద వేలు పెట్టాడు.
తియ్యలేదు.
సుద్ద. మొదలు నుంచి వంపు దాకా సుద్ద.
బిగిస్తే రాలుతుంది.
రాలిన పొడి ఎక్కడికి పోతుందో
ఆ గదిలో అందరికీ తెలుసు.
"విలియా, ఆగు," అన్నాడు.
ఇన్నేళ్ళూ ఆ మాట గుండెలకే చెప్పినవాడు.

ఔష్రినే వచ్చింది, చేతులు కడుక్కుంది,
సూపు దగ్గరి మాటలేవీ ఎత్తలేదు.
అతను కుడివైపు చోటు ఆమెకి వదిలి
ఎదుటి పక్కకి నడిచాడు.
నాలుగడుగులు. చాలాసేపు పట్టినట్టనిపించింది.

ఎడమ రొమ్ము వెనక ధమని అప్పటికే సిద్ధం.
ఆమె కుడిదాన్నీ దించింది.
మా కోట వెనక నేరిస్ వచ్చి
నెమునాస్ పక్కలో కలిసినట్టు
దాన్ని దీని పక్కన కుట్టింది.
సుద్దగొట్టాన్ని ఎవరూ ముట్టలేదు.

వెనక గోడ కోసం ఎత్తినప్పుడు
ఒత్తిడి యాభైకి పడింది.
గుండె అరచేతిలో పెట్టుకోవడం అంటారే,
అది గింటౌటాస్ అరచేతిలో ఉంది, అతను కదలకుండా.
నేను సంచీ అంచు చింపాను.
పిలవొద్దు, నన్ను పిలవొద్దు అని
మొదటిసారి కోరుకున్నాను.
నలభై ఎనిమిది.
యాభై ఒకటి.
అరవై మూడు.
ఔష్రినే ముడి వేసి దారం కత్తిరించమంది.
కత్తిరించింది అతనే.

సిర గిన్నెలోనే ఉండిపోయింది.

మూడో రోజు, గొట్టం తీసిన బొంగురు గొంతుతో:
"ఎంతసేపు ఆపారు?"
"ఆపలేదు."
కజిమియెరా కాసేపు కప్పు వంక చూసింది.
"నడుస్తుండగానే? అంత ఎత్తు మీదా?"
"అవును."
"నా బస్సైతే ఒప్పుకునేదాన్ని కాదు."

అంచు చిరిగిన సంచీ మళ్ళీ వాడకూడదు.
ట్యూబులు ఇంటికి తెచ్చుకున్నాను.
వచ్చే వేసవికి టమాటా మొక్కలు కట్టడానికి
మెత్తగా, బాగా ఉంటాయి.